లీవరు అల్లుడు, బోల్టు అల్లుడు

కృష్ణకాంత్‌కి తుపాకుల గురించి తెలియని విషయమంటూ లేదు, పేల్చడం ఒక్కటి తప్ప.

హనుమాన్ జంక్షన్‌లో అతనిది పీవీసీ పైపుల దుకాణం. బేరాల్లేని మధ్యాహ్నాలు ఫోన్‌లో వీడియోలు చూసి చూసి, లీవరు తుపాకీకీ బోల్టు తుపాకీకీ తేడా ఏమిటో ఎవరడిగినా చెప్పగలిగే స్థితికి చేరుకున్నాడు. ఎవరూ అడగరు కాబట్టి అడక్కుండానే చెప్పేవాడు. బోరుకి పైపులు కొందామని వచ్చిన రైతు, పాపం, ఎల్బో పైపు ముక్క చేత్తో పట్టుకుని నిలబడి వినాల్సి వచ్చేది.

"బోల్టంటే తలుపు గడియ లాంటిదండీ. ఒక గుండు పేలాక పైకెత్తాలి, వెనక్కి లాగాలి, ముందుకి తొయ్యాలి, కిందికి దించాలి. ఈలోగా పంది మిమ్మల్ని దాటుకుని బెజవాడ వెళ్ళిపోద్ది. అదే లీవరనుకోండి, మీట కింద కడియంలా ఉంటుంది. కిందికీ పైకీ ఒక్క ఊపు! రెండో గుండు రెడీ. దగ్గర్నుంచి కొట్టాలంటే లీవరేనండీ."

"అలాగాండీ," అనేవాడు రైతు. "ఆ గమ్ము డబ్బా కూడా ఒకటివ్వండి."

ఈ పిచ్చికి మూలం మామగారు. నూజివీడు పక్కన మామిడి తోటలున్న వెంకటకృష్ణారావు గారి దగ్గర లైసెన్సు తుపాకులు రెండున్నాయి. వాళ్ళ నాన్నగారి నాటి లీవరు ఒకటి, తను కొనుక్కున్న బోల్టు ఒకటి. డెబ్బై దాటాక ఆయనకి చూపు మందగించింది. ఒకరోజు అల్లుళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి సంగతి చెప్పారు. ఇంటికి ఒక్క తుపాకీ చాలు, రెండోది పోలీస్ స్టేషన్‌లో అప్పగించేద్దాం. ఉంచుకునేది అల్లుళ్ళలో ఒకరి పేరు మీదికి మార్పిస్తాను. తోటలోకి అడవిపందులు దిగుతున్నాయి, చెట్ల కింద నాలుగు బారల అవతల ఏమీ ఆనదు, కాబట్టి దగ్గరి వేటకి ఏది మంచిదో చెప్పండి. ఎవరి మాట నెగ్గితే తుపాకీ వాళ్ళది. పందుల్ని కొట్టడానికి అటవీశాఖ అనుమతి ఆయన అప్పటికే తెచ్చిపెట్టుకున్నారు.

పెద్దల్లుడు ఉదయ్ కిరణ్ ఆలోచించకుండా "బోల్టు మావయ్యా" అన్నాడు. దాంతో కృష్ణకాంత్ లీవరు పక్షం చేరాడు. ఉదయ్ లీవరు అని ఉంటే అతను మరో రకం వీడియోలు చూసి బోల్టు పక్షం చేరేవాడు. ఆ సంగతి అతనికీ తెలుసు.

అసలు బాధ తుపాకీ కాదు. జి. కొండూరులో వ్యవసాయం చేసే ఉదయ్ మామగారికి స్వయానా మేనల్లుడు. "ఒరేయ్ ఉదయ్, ఆ మోటారు ఆపిరా" అంటారాయన. కృష్ణకాంత్‌నైతే "అల్లుడుగారూ, మీరు కూర్చోండి" అంటారు. పెళ్ళై, తన కూతురు ఇంటరుకొచ్చినా మామగారింటి వరండాలో అతను ఇంకా కూర్చునే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా అదే కుర్చీ, అదే కాఫీ, అదే మర్యాద. మామగారు తనని ఒక్కసారి సొంతవాడిలా చూస్తే చాలని, నోరారా "ఒరేయ్" అంటే చాలని అతని కోరిక. బట్టతల వస్తున్న మనిషికి ఉండాల్సిన కోరిక కాదది. అందుకు తనే సిగ్గుపడేవాడు, పడుతూనే కోరుకునేవాడు.

సాధన ఇంట్లోనే మొదలైంది. దుకాణంలోంచి పైపు ముక్క తెచ్చి, దానికి పాత సైకిలు బ్రేకు బిగించి, హాల్లో సోఫా వెనక నక్కి ఊపుతుండేవాడు. భార్య సుప్రజ చేటలో బియ్యం ఏరుకుంటూ చూసేది.

"ఏవండీ, పంది సోఫా ముందుకొస్తుందనేనా?"

"నీకు తెలీదు. ఇది చేతికి అలవాటవ్వాలి."

"చేతికి అలవాటైతే చాలా? గుండెకి అక్కర్లేదా?"

కృష్ణకాంత్ ఆ మాట విననట్టు నటించి మళ్ళీ ఊపాడు. బ్రేకు ఊడి చేటలో పడింది.

వాదనలతో తేలేలా లేదని మామగారు చివరికి పరీక్ష పెట్టారు. సాయంకాలం ఒక్కొక్కరు ఒక్కో తుపాకీతో కూర్చోవాలి, ఆయన వెనకాలే ఉంటారు. ముందు ఉదయ్ వంతు. పంది రానే వచ్చింది. ఉదయ్ ఠపీమని పేల్చాడు. పంది క్షేమంగా వెళ్ళిపోయింది, బంగినపల్లి కొమ్మ ఒకటి కాయలతో సహా విరిగి అతని నెత్తిన పడింది. మామగారు "కాయలేరు" అన్నారంతే. కృష్ణకాంత్ లోపల పండగ చేసుకున్నాడు. పైకి మాత్రం "అయ్యో, దెబ్బ తగిలిందా అన్నయ్యా" అని పరామర్శించాడు.

మర్నాడు అతని వంతు. మామగారు లీవరులో గుండ్లు పెట్టి చేతికిచ్చి, తూర్పు వైపు రసాల చెట్ల కింద చోటు చూపించారు. కాయలు కోసే ప్లాస్టిక్ ట్రే ఒకటి బోర్లించుకుని కృష్ణకాంత్ దాని మీద కూర్చున్నాడు. ఆయన కాస్త వెనగ్గా మడత కుర్చీ వేసుకున్నారు. పొద్దు వాలుతోంది. కొమ్మలు కాయల బరువుకి నేలకి వంగి ఉన్నాయి. దోమలు కుడుతున్నాయి. ఏ వీడియోలోనూ దోమలు లేవు.

కొమ్మలు కదిలి పంది బయటికొచ్చింది. ఫోన్‌లో చూసినంత ఉంటుందనుకున్నాడు గానీ అది దాదాపు దూడంత ఉంది. కృష్ణకాంత్ లీవరుని కిందికి ఊపాడు. అది సగం దిగి అతని తొడకి తగిలి ఆగింది. వీడియోల్లో ఎవరికీ తొడలున్నట్టు లేదు. తుపాకీ కాస్త ఎత్తి మళ్ళీ ఊపాడు, ఈసారి గుండు ఎక్కింది. భుజానికి ఆనించి గురి చూశాడు. పంది తలెత్తి అతని కేసి చూసింది.

అంతే, కాళ్ళూ చేతులూ ఆడలేదు. నొక్కు, నొక్కు అని బుర్ర చెబుతోంది, వేలు వినడం లేదు. పంది అతన్ని పైనుంచి కింది దాకా చూసి, ఇతనితో ప్రమాదం లేదని తేల్చుకున్నట్టుంది, రాలిన రసం పండు ఒకటి టెంకతో సహా నమిలి, తీరిగ్గా పక్కకి వెళ్ళిపోయింది.

అప్పుడు కనిపించింది. పంది నిల్చున్న చోటికి సరిగ్గా వెనక, ఆకుల సందులో చిన్న మంట వెలిగింది. మంట పక్కన వంగి పొయ్యి ఊదుతున్న మనిషి రమణమ్మ. ఆమె పక్కనే చుట్ట కాల్చుకుంటూ ఆమె మొగుడు పోతురాజు. తోట కాపలా వాళ్ళిద్దరిదే. వాళ్ళ గుడిసె ఎప్పుడూ పడమటి గట్టున ఉండేది, ఇప్పుడు ఇక్కడుంది.

మామగారు వెనకనుంచి దాదాపు పరుగెత్తుకొచ్చారు. తుపాకీ అతని చేతుల్లోంచి తీసుకుని గుండ్లు తీసేశారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"గుడిసె చూసే ఆగారు కదూ?" అన్నారు.

కృష్ణకాంత్ తలూపాడు. ఆ తలూపడంలో మాత్రం వేగానికి లోటు లేదు.

రాత్రి భోజనాల దగ్గర ఇంటిల్లిపాదీ అతన్నే పొగిడారు. చేతిలో తుపాకీ, ఎదురుగా పంది, అయినా ఆగాడంటే ఎంత నిబ్బరం ఉండాలి అన్నారు అత్తగారు, మామిడికాయ పప్పు మారు వడ్డిస్తూ. నెత్తి మీద కట్టుతో ఉదయ్ కూడా "నువ్వు గ్రేటు తమ్ముడూ" అన్నాడు మనస్ఫూర్తిగా. మామగారు మాత్రం అన్నం కలుపుతూ ఉండిపోయారు. కృష్ణకాంత్ పళ్ళెంలోకే చూస్తూ తిన్నాడు.

స్కూటరు మీద ఇంటికెళ్తుంటే వెనక కూర్చున్న సుప్రజ అడిగింది. "మీరు కొట్లో ఎదురుగా నిల్చున్న మనిషినే చూడరు. గుడిసె నిజంగా చూశారా?"

"చూళ్ళేదు. చెయ్యి కదల్లేదు. భయమేసింది."

ఆమె నవ్వుతుందనుకున్నాడు, తనూ కలిసి నవ్వుదామని సిద్ధపడ్డాడు కూడా. ఆమె మెల్లగా "కదిలుంటే?" అంది.

కృష్ణకాంత్ బండి పక్కకి ఆపేశాడు. అంతసేపూ తన పిరికితనం గురించి సిగ్గుపడ్డాడే తప్ప ఆ ఒక్క ప్రశ్న వేసుకోలేదు. పొయ్యి ముందు వంగిన రమణమ్మ వీపు కళ్ళ ముందుకొచ్చింది. లీవరు ఎంత బాగా పనిచేసిందో, గుండు ఎంత చక్కగా ఎక్కిందో గుర్తొచ్చి, తుపాకీ పట్టిన చేతిని చొక్కాకి తుడుచుకున్నాడు.

తెల్లారగానే తోటలోని ఇంటికి వెళ్ళాడు. మామగారు వరండాలో ఒక్కరే కూర్చుని ఉన్నారు, ముందు రెండు తుపాకులూ గుడ్డలో చుట్టి ఉన్నాయి.

"మావయ్యగారూ, నేను గుడిసె చూళ్ళేదండీ. పందిని చూసి బిగుసుకుపోయాను. మీరు నా గురించి గొప్పగా అనుకుంటున్నారు, అదేమీ లేదు." పోయింది, ఈ జన్మకి ఇక కుర్చీయే గతి అనుకున్నాడు.

ఆయన తల ఎత్తలేదు.

"నేనూ చూళ్ళేదు," అన్నారు. "ఇటు కాయ పండుతోంది, గుడిసె ఇటు మార్చరా అని నిన్న పొద్దున పోతురాజుతో అన్నది నేనే. మర్చిపోయి మిమ్మల్ని అక్కడే కూర్చోబెట్టాను. మీరు కాల్చకపోతే నాకు విసుగొచ్చింది. కాల్చండీ అని అరవబోతున్నాను, ఈలోగా మంట వెలిగింది." గుడ్డలో చుట్టిన తుపాకుల్ని అవతలికి జరిపారు. "యాభై ఏళ్ళుగా పట్టుకున్నాను తుపాకీ. మీ చెయ్యి కదలనందుకు రాత్రంతా దణ్ణం పెట్టుకున్నాను."

ఆయన కళ్ళు తుడుచుకోవడం కృష్ణకాంత్ మొదటిసారి చూశాడు. కుర్చీలో కూర్చోబోయి, మానుకుని, ఆయన పక్కన అరుగు మీదే కూర్చున్నాడు.

ఆ పూటే ఇద్దరూ నూజివీడు వెళ్ళి రెండు తుపాకులూ స్టేషన్‌లో అప్పగించేశారు. కుర్ర కానిస్టేబులు ఒకటొకటే తిప్పి చూసి ముచ్చటపడ్డాడు. "సార్, దగ్గర్నుంచి కొట్టాలంటే ఈ రెండిట్లో ఏది మంచిదండీ?" అన్నాడు.

ఇన్నాళ్ళకి ఒక మనిషి నోరు తెరిచి అడిగాడు. చెప్పండి అన్నట్టు మామగారు అతని కేసి చూశారు.

"నాకు తెలీదండీ," అన్నాడు కృష్ణకాంత్.

బయటికొచ్చి స్కూటరు తీశాడు. మామగారు వెనకెక్కి, అతని భుజం మీద చెయ్యి వేసి, "పోనివ్వరా" అన్నారు. ఆయన ఏమన్నారో అతనికి బస్టాండు దాటాక గానీ తట్టలేదు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట అది. రమణమ్మ గుర్తొచ్చి, సంతోషించడానికి ధైర్యం చాల్లేదు. భుజం మీది చెయ్యి జారకుండా, గతుకులు చూసుకుంటూ, స్కూటరు నెమ్మదిగా తోట కేసి పోనిచ్చాడు.