గొంతు పరీక్ష

వేలి కొనకు తొడుక్కున్న రబ్బరు తొడుగుతో పేజీ తిప్పి, ఆమె పైకి చదవసాగింది. ఎదురుగా ఉన్న కుర్చీలో ఎవరూ లేరు. ఆ కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. అందులో తన తండ్రి కూర్చుని వింటున్నాడని అనుకోవాలి. అనుకుని ప్రతి కొత్త నవలనూ మొదటి నుంచి చివరి దాకా గొంతెత్తి చదవాలి. గొంతు ఎక్కడ తడబడితే అక్కడ అంచున పెన్సిలు గీత పెట్టాలి. ఈ అద్దె లైబ్రరీని పెట్టిన పెద్దాయన కనిపెట్టిన పద్ధతి అది. పెద్దాయన పోయాడు, పద్ధతి మిగిలింది.

ఒక్కసారీ తడబడకపోతే పుస్తకం వెన్ను మీద పచ్చ కాగితం అంటిస్తారు: ఎదిగే పిల్లలూ చదవవచ్చు. అక్కడక్కడా తడబడితే నీలం: పెద్దవాళ్ళకు మాత్రమే. అంతకు మించితే పుస్తకం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఒకే ఒక్క సన్నివేశం అడ్డొచ్చినప్పుడు ఆ పేజీలను ఒకదానికొకటి అతికించేసి పచ్చ కాగితం వేస్తారు. అతికించే పని పక్క బల్ల దగ్గర కూర్చునే ముసలి బైండరుది. అందరికీ అతను బంక బాబాయి. ఆమె అందరికీ జల్లెడమ్మ. మొదట్లో ఆ మాట వెక్కిరింత, తర్వాత పేరయిపోయింది. ఇప్పుడెవరైనా అసలు పేరుతో పిలిస్తే పలకడానికి ఆమెకే కాసేపు పడుతుంది.

యాభై దాటిన మనిషి. మెడ కొంచెం ముందుకు వంగింది. రబ్బరు కింద నానీ నానీ చూపుడు వేలి కొన తెల్లబడి ముడతలు పడింది. ఒంట్లో ముసలితనం రానిది గొంతుకు మాత్రమే. నీళ్ళు పోసినట్టు సాగే గొంతు అది.

ఈ రోజు చదువుతున్న నవల ఒక బడిపిల్ల కథ. పిల్ల ట్యూషన్‌కు వెళుతుంది. అక్కడ మాస్టారు ఉంటాడు. రాసిన మనిషి ఒక్క చెడ్డమాట వాడలేదు, ఒక్క పైట జారనివ్వలేదు. జల్లెడమ్మ చివరి పేజీ దాకా చదివింది. గొంతు ఎక్కడా తడబడలేదు. కాకపోతే మధ్యలో ఒక అధ్యాయం అయ్యాక లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చింది. పచ్చ కాగితం కత్తిరించి పక్కన పెట్టుకుంది.

లైబ్రరీ ఇప్పుడు నడుపుతున్నది పెద్దాయన కొడుకు. గుమ్మంలో నిలబడి తొంగిచూశాడు.

"అమ్మా, అది ఆ ట్యూషన్ మాస్టారి కథేనా?"

"అదే బాబూ."

"ఆ అధ్యాయం అతికించేద్దాం."

"ఏం, ఎందుకు? అతికించాల్సిన మాట ఒక్కటి చూపించండి."

"మాట కాదమ్మా. నేనూ చదివాను. చదువుతుంటే ఏదోలా ఉంటుంది."

"ఏదోలా ఉండాలనే రాశారు."

"మన బోర్డు మీద శుభ్రమైన నవలలు అని ఉంది. ఏదోలా ఉండే నవలలు అని లేదు." తన మాటకు తానే నవ్వుకున్నాడు.

బంక బాబాయి సీసాలోంచి కుంచె పైకి తీసి అంచుకు తుడిచాడు. "అతికించమంటే అతికిస్తాలే గానీ బాబూ, కుర్రాళ్ళు నేనతికించిన పేజీలే వెతుక్కుని, ఆవిరి పట్టి మరీ విప్పుకుంటున్నారు. మిగతా పుస్తకం ముట్టుకోవడమే లేదు. చూడాల్సింది ఎక్కడుందో మనమే గుర్తు పెట్టి ఇస్తున్నట్టుంది."

"నువ్వు ఊరుకో బాబాయ్. సాయంత్రంలోగా అయిపోవాలి."

అతను వెళ్ళిపోయాడు. జల్లెడమ్మకు ఒళ్ళు మండిపోయింది. కోపం ఆమెకు కొత్త కాదు. అదెప్పుడూ పళ్ళ వెనక ఉంటుంది. గొంతులోకి మాత్రం రానివ్వదు. గొంతు ఆమె కూడు.

మధ్యాహ్నం డబ్బా విప్పింది. ఆమె ఉండేది తమ్ముడింట్లో. పెళ్ళయిన కొన్నాళ్ళకే పుట్టింటికి వచ్చేసింది. ఎందుకు వచ్చిందని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. పొద్దున డబ్బా చేతికిస్తూ మరదలు రోజూ అనే మాటే అంది: "కూర్చుని కథలు చదివితే జీతమిస్తారు! నన్నూ చేర్పించరాదూ వదినా?" వదిన రోజూ ఇచ్చే జవాబే ఇచ్చింది: "నీ గొంతు వింటే ఊళ్ళో సగంమంది చదవడం మానేస్తారు." ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు గుమ్మం వరకే. ఇంట్లో ఆమె పుస్తకం తెరవగా ఎవరూ చూడలేదు. రోజంతా ఎవరూ లేని కుర్చీకి చదివిన మనిషికి ఇంటికొచ్చాక అక్షరం చూడబుద్ధి కాదు.

ఆలోచిస్తూనే తింది. శుభ్రం అంటే ఏమిటి? దుమ్ము లేకపోవడమా, లేక దుమ్మును చాప కిందికి తోసేయడమా? ఇన్నేళ్ళూ తను చేసింది ఊడ్వడమా, తోయడమా? ఈ ప్రశ్న ఇంతకుముందు ఎన్నడూ రాలేదంటే అబద్ధం. వచ్చినప్పుడల్లా పేజీ తిప్పేసింది.

బళ్ళు వదిలే వేళయ్యేసరికి ముందు గదిలో సందడి మొదలైంది, జల్లెడమ్మ అక్కడికి వచ్చింది. ఒక తల్లి, పదిహేనేళ్ళ కూతురు వచ్చారు. తల్లి గలగలా మాట్లాడే మనిషి. పిల్ల భుజాన పుస్తకాల సంచి, అందులోంచి పైకి పొడుచుకొచ్చిన పొడుగాటి చెక్క స్కేలు. పిల్ల సంచిని వాకిట్లో బల్ల మీద దించి వచ్చి తల్లి వెనక నిలబడింది.

"జల్లెడమ్మగారూ, దీనికి సెలవుల్లో చదవడానికి ఒక పుస్తకం ఇవ్వండి. ఏమీ లేని పుస్తకం కావాలి."

"ఏమీ లేనిదంటే తెల్ల నోటుబుక్కే ఇవ్వాలి తల్లీ."

"మీ హాస్యానికేం గానీ, తొందరగా చూడండి. ఈ మలుపు తిరిగితే మాస్టారి ఇల్లే. ఆలస్యమైతే ఊరుకోడు, మా మంచి మాస్టారు. మిగతా పిల్లలు వెళ్ళిపోయాక కూడా దీన్ని కూర్చోబెట్టి లెక్కలు చెబుతాడు."

యజమాని తనే అరలోంచి ఒక పచ్చ కాగితం పుస్తకం తీసి ఇచ్చాడు. చేతులు మారీ మారీ అట్ట మెత్తబడిన నవల. ఆ కాగితం అంటించింది జల్లెడమ్మే, ఉద్యోగంలో చేరిన కొత్తలో.

ఈ లైబ్రరీలో ఇంకో ఆనవాయితీ ఉంది. పెద్దవాళ్ళు పుస్తకాన్ని ఎక్కడో ఒకచోట తెరిచి, పిల్లల చేత అక్కడే ఒక పేజీ పైకి చదివించి చూసుకోవచ్చు. వెనక గదిలో చేసిన పరీక్షే మళ్ళీ అందరి ముందూ. తల్లి కళ్ళు మూసుకుని, లాటరీ తీసినట్టు పుస్తకం తెరిచింది. పిల్ల చదివింది.

"'అతను చాచి ఒక్కటిచ్చాడు. ఆమె చెంప పట్టుకుని గోడవారగా కూలబడింది. నన్ను ఇంతగా కొట్టాలంటే నా మీద ఎంత ప్రేమ ఉండాలి, అనుకుంది. ఆమె కళ్ళలో మొదటిసారి సిగ్గు మెరిసింది.'"

పిల్ల గొంతు ఎక్కడా ఆగలేదు. లెక్కల పుస్తకం చదివినట్టు చదివింది.

"చూశారా, ఎంత శుభ్రంగా ఉందో!" అంది తల్లి.

జల్లెడమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. మంట ఆ తల్లి మీద కాదు. అదే పేజీని తను ఆ ఖాళీ కుర్చీకి చదివిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు తన గొంతూ ఆగలేదు. ఎందుకు ఆగుతుంది? చిన్నప్పుడు సాయంత్రాలు నాన్నకు పేపరు చదివి వినిపించేది తనే. వినకూడని వార్త ఏదైనా వస్తే, "అది వదిలెయ్" అనేవాడు నాన్న. వదిలేసేది. మధ్యలో అమ్మ ఏదో అనేది, లేదా ఏమీ అనేది కాదు. నాన్న లేచి వెళ్ళేవాడు. వంటింట్లో చప్పుడయ్యేది. తిరిగొచ్చి కూర్చుని, "ఊఁ, చదువు" అనేవాడు. తను ఆపిన వాక్యం దగ్గర్నుంచే మళ్ళీ అందుకునేది, తడబడకుండా. తడబడకపోవడం అక్కడే నేర్చుకుంది. తర్వాత దానికే జీతం దొరికింది.

ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరిని? ఆయన్నే కదా. ఆయనకు నచ్చినదే శుభ్రం. ఇంతకాలం ఊరి పిల్లలందరి చేతా ఆయన చెవులకు పనికొచ్చే పుస్తకాలే చదివించింది.

ఆమె లోపలికి వెళ్ళి ట్యూషన్ పిల్ల నవల పట్టుకొచ్చింది. ఆ అధ్యాయం ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. తెరిచి బల్ల మీద పెట్టింది.

"ఇది కూడా చదివించండి" అంది. చూపు మాత్రం యజమాని మీదే ఉంది. "మన పద్ధతి ప్రకారమే తేల్చుకుందాం బాబూ. గొంతు ఆగితే అతికించండి. ఆగకపోతే పచ్చ కాగితం వేస్తాను."

అతను భుజాలెగరేశాడు. ఆమెకు గెలుస్తానన్న ధీమా ఉంది. అందులో చెడ్డమాట ఒక్కటీ లేదు. ఏ పిల్లయినా గడగడా చదివేస్తుంది.

పిల్ల మొదలుపెట్టింది.

"'మాస్టారు లెక్క చూపిస్తూ కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. కుర్చీ మీదే వేశాడు. పిల్ల కొంచెం ముందుకు జరిగింది. చెయ్యి కూడా...'"

ఆగిపోయింది.

పిల్ల వేలు ఆ వాక్యం మీదే ఉంది. గోరు తెల్లబడేలా పేజీని అదిమిపెట్టింది.

"కళ్ళజోడు మార్చాలేమో. చదువు" అంది తల్లి.

పిల్ల చదవలేదు.

"చూశారుగా! ఆగింది" అన్నాడు యజమాని. గొంతులో విజయం. "ఇక వాదన లేదు. బాబాయ్, బంక కలుపు."

తల్లి పుస్తకం అందుకుని ఆ నాలుగు వాక్యాలూ చూసింది, మొహం చిట్లించింది. "ఛీ, ఇదేం పుస్తకమండీ! చదువు చెప్పే గురువు మీద ఇలాంటివి రాస్తారా? మీ మీద నమ్మకంతో కదా పిల్లల్ని తీసుకొస్తున్నాం?"

జల్లెడమ్మ పిల్ల వైపు చూసింది. గెలవడానికని తెచ్చిన పుస్తకం అది. ఇప్పుడు ఓడిపోయింది. ఓడిపోవడం ఎంత చిన్న సంగతో ఆ పిల్ల గోరు చూశాక అర్థమైంది. ఊపిరి పీల్చుకుంది. గొంతు తడబడింది. తడబడనిచ్చింది.

"తల్లీ, పుస్తకాన్ని తర్వాత తిడుదువుగాని. ముందు నీ పిల్లని చూడు."

"దాన్ని చూసేదేముంది?"

"చెంపదెబ్బ దగ్గర ఆగని గొంతు, కుర్చీ మీద చెయ్యి దగ్గర ఎందుకు ఆగిందో అడుగు. నన్ను కాదు, ఈయన్ని కాదు. దాన్ని."

"అమ్మా, ఇవి మనకెందుకు..." అన్నాడు యజమాని.

"నువ్వు నోరు ముయ్యి!" అంది జల్లెడమ్మ. ఆ గొంతు ఆ గోడలు ఎన్నడూ వినలేదు. వెనక గది గుమ్మంలోంచి కనిపిస్తున్న బంక బాబాయి చేతిలో కుంచె ఉన్నపళంగా ఆగిపోయింది.

తల్లి నవ్వబోయి, నవ్వు సగంలోనే మానుకుంది. "పదవే, మాస్టారికి ఆలస్యమవుతోంది" అని కూతురి చెయ్యి పట్టుకుంది. పిల్ల కదల్లేదు.

"ఇవాళ వెళ్ళనమ్మా."

"వారం నుంచీ ఇదే పాట. తలనొప్పంటావు, కడుపునొప్పంటావు..." అంటూనే తల్లి ఆగిపోయింది. తన నోట వచ్చిన మాటను తానే విన్నట్టుంది. పట్టుకున్న చేతిని వదిలి, మళ్ళీ మెల్లిగా పట్టుకుంది. పిల్లను వాకిట్లోకి తీసుకెళ్ళింది. బల్ల మీద, సంచి పక్కన ఇద్దరూ కూర్చోవడం కిటికీలోంచి కనిపించింది. పిల్ల తల వంచుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయో లేదో ఇక్కడికి తెలియడం లేదు.

యజమాని గొంతు సవరించుకున్నాడు. "జరిగిందేదో జరిగింది. నన్నన్న మాట కూడా మరిచిపోతాను. ఆ అధ్యాయం అతికించేశాకే ఇంటికెళ్ళండి."

"అతికించను."

"పోనీ, బాబాయి అతికిస్తాడు."

బాబాయి కుంచెను సీసాలో ముంచి, పైకి తీసి చూశాడు. "బంక ఎండిపోయింది బాబూ" అన్నాడు. కుంచె కొన నుంచి బంక బల్ల మీదికి బొట్లుగా కారుతోంది.

జల్లెడమ్మ పాత నవల వెన్ను మీది పచ్చ కాగితం అంచును గోటితో లేపి లాగింది. అది ఏళ్ళ తరబడి అంటుకుని ఉన్న కాగితం; అట్ట పొర కూడా కొంత ఊడి వచ్చింది. కత్తిరించి పెట్టుకున్న కొత్త కాగితాన్ని ట్యూషన్ పిల్ల నవలకు అంటించి, బొటనవేలితో గట్టిగా రుద్దింది. రేపు వీళ్ళు పీకేస్తారని తెలుసు. పీకాలన్నా అట్ట చిరగాల్సిందే.

"నేనిక రాను బాబూ. ఆ కుర్చీకి చదివింది చాలు."

అతను ఏదో అన్నాడు. ఆమె వినలేదు. వెనక గదిలోకి వెళ్ళి వేలి తొడుగు తీసి బంక సీసా పక్కన పెట్టింది. డబ్బా తీసుకుంది. వెళ్ళేముందు ఎదుటి కుర్చీని గోడ వైపు తిప్పింది.

"నేనూ పోయేవాణ్ణే గాని, నాకు ఇంట్లో కూర్చోబెట్టి తిండి పెట్టే తమ్ముడు లేడమ్మా" అన్నాడు బాబాయి, తల ఎత్తకుండా.

"నీ బంక ఎప్పుడూ ఎండిపోయే ఉండాలి బాబాయ్" అంది. అతను నవ్వలేదు, తల మాత్రం ఊపాడు.

గుమ్మం దాటేసరికి వాకిట్లో ఎవరూ లేరు. వీధి చివర చూసింది. తల్లి ముందు, పిల్ల వెనక, చెయ్యి చెయ్యి పట్టుకుని మలుపు తిరుగుతున్నారు. అది మాస్టారి వీధి. మళ్ళీ అక్కడికేనా? అన్నీ విని, ఆలస్యమవుతోందని మళ్ళీ ఆ కుర్చీలోకే తోస్తుందా? కోపంతో కళ్ళు మసకబారాయి. అరిచి పిలవాలనుకుంది. రోడ్డు దాటి పరిగెత్తాలనుకుని మెట్టు దిగి, డబ్బా కింద పెట్టబోయి పక్కకు చూసింది.

వాకిట్లో బల్ల మీద ట్యూషన్ సంచి అలాగే ఉంది, మూతి తెరుచుకుని, పొడుగాటి చెక్క స్కేలు లేకుండా.