మేనరికానికి సాక్ష్యం

మాది నిజమైన పెళ్ళేనా అని కెనడా వాళ్ళకు అనుమానం వచ్చింది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

నన్ను అక్కడికి పిలిపించుకోవాలని మా ఆయన భరణి స్పాన్సర్‌గా దరఖాస్తు పెట్టాడు. ఆయన అక్కడ ఏసీ మెకానిక్. ఇక ఎదురుచూడటమే మా పని అనుకుని నేను చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో నా జాకెట్ల కొట్టు చూసుకుంటున్నాను. ఇంతలో మెయిల్ వచ్చింది. వీడియోలో మాట్లాడాలట, మేం నిజంగా భార్యాభర్తలమని నమ్మించాలట. నమ్మకపోతే వీసా లేదు.

కాగితాలు చూసే ఏజెంటు మోహన్‌రాజ్ నా ఫోన్ తీసుకుని, నేనూ భరణీ రాసుకున్న వాట్సాప్ మెసేజీలన్నీ చదివి తల పట్టుకున్నాడు.

"ఏంమా శరణ్యా, తిన్నావా, తిన్నావా... ఇదే ఉండాది. ఒక్క లవ్‌యూ అయినా లేదే! పెళ్ళి ఫోటోల్లో గూడా మూరెడు దూరంగా నిలబడుండారు. ఎవురు నమ్మతారు?"

"పుట్టినప్పట్నించీ చూస్తా ఉండే బావకి లవ్‌యూ ఏందన్నా? వింటే నవ్వతారు."

"అదే ఇంకో తలనొప్పి. మేనరికమని చెప్పొద్దు. సొంతవాళ్ళల్లో పెళ్ళంటే వాళ్ళకి అర్థం కాదు. కాలేజీలో చూసుకున్నాం, లవ్ చేసుకున్నాం అని చెప్పు. మెసేజీలు నేనే రాసిస్తా."

"నా మొగుడికి నువ్వు రాసిస్తావా? పో అన్నా!" అని ఫోన్ లాక్కుని వచ్చేశాను. అబద్ధం చెబితే అతికినట్టుండాలి. భరణి కాలేజీ గడపే తొక్కలేదు.

ఇంటర్వ్యూ రోజు కొట్టు షట్టర్ సగం దించి కూర్చున్నాను. పక్కనే మా అమ్మణి అవ్వ జాకెట్లకు హుక్కులు కుడుతోంది. ఫోన్‌లో ఆఫీసరమ్మ ఇంగ్లీషులో అడుగుతుంటే, దుబాసీ తెలుగులో చెబుతున్నాడు.

"మీ భర్తను మొదట ఎక్కడ కలిశారు?"

"నాకు చెవులు కుట్టేటప్పుడు. మా వాళ్ళల్లో మేనమామ ఒళ్ళో కూచోబెట్టి కుడతారు. ఆ మేనమామే ఇప్పుడు నాకు మామగారు. వాళ్ళ నాయన ఒళ్ళో నన్ను కూచోబెట్టినారని ఈయన నాకంటే గట్టిగా ఏడ్చినాడంట."

ఆ ఫోటో కూడా చూపించాను. నేను ఒళ్ళో ఏడుస్తున్నాను, పక్కన ముక్కు కారుస్తూ భరణి. ఆఫీసరమ్మ నవ్వు ఆపుకుని మళ్ళీ కాగితాల్లోకి చూసింది.

"మీ అమ్మమ్మ పేరూ, మీ భర్త నాయనమ్మ పేరూ ఒకటే రాశారు. పొరపాటా?"

"పొరపాటు కాదు. ఇద్దురూ ఒకరే. ఈడే ఉంది." ఫోన్ అవ్వ వైపు తిప్పాను.

విషయం చెప్పగానే అవ్వ సూది జాకెట్‌కి గుచ్చి పక్కన పెట్టింది. "నా కొడుకు కొడుక్కి నా కూతురు కూతుర్ని చేసుకున్నాం. దొంగపెళ్ళి చేసేదానికి నాకేం పట్టిందిమా? రేపు వీళ్ళు విడిపోతే నేను ఎవురింట్లో కూడు తినాల? ఎవుర్ని తిట్టాల? ఇద్దురూ నా బిడ్డలే గదా!"

దుబాసీ అదంతా నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పాడు. ఆఫీసరమ్మ రాసుకోవడం మానేసి అవ్వనే చూసింది. ఆ తర్వాత నన్ను అడిగినవన్నీ మామూలు ప్రశ్నలే.

కొన్నాళ్ళకు వీసా వచ్చింది. మోహన్‌రాజ్ మైసూర్‌పాకు పట్టుకొచ్చి, తన వల్లే వచ్చిందని వీధంతా చెప్పుకున్నాడు. చెప్పుకోనీ.

ఆ సాయంత్రం మోహన్‌రాజ్ రాసిస్తానన్న లవ్‌యూ గుర్తొచ్చింది. ఇప్పుడు దాన్ని చదివి నమ్మాల్సిన వాళ్ళెవరూ లేరు. అందుకే ధైర్యంగా నా చేత్తో నేనే టైప్ చేసి భరణికి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. చాలాసేపు 'టైపింగ్' అని కనిపిస్తూ, ఆగుతూ, మళ్ళీ కనిపిస్తూ ఉంది.

చివరికి జవాబొచ్చింది.

"తిన్నావా?"