ఎర్ర గుండుసూది

కడిగిన కప్పులనే మళ్ళీ కడుగుతోంది ఆమె. మునిసిపల్ ఆఫీసు ఊడ్చి, తుడిచి, టీలందించే ఆమెను అందరూ అనుమానాలక్క అంటారు. ఊరికే అనరు. పాలు రెండుసార్లు వాసన చూస్తుంది. ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి లాగి చూస్తుంది. పెళ్ళైన కొత్తలో రోడ్డు వెడల్పు చేయాలని నవ్వుతూ చెప్పి ఇల్లు కూలగొట్టారు. అప్పటినుంచి నవ్వే ఆఫీసర్లంటే ఆమెకు గిట్టదు.

ఇవాళ వచ్చినామె అలాంటిదే. రాష్ట్ర ప్రభుత్వం పంపిన అమ్మాయి. ఊళ్ళో పడి ఉన్న యాసిడ్ డ్రమ్ములు, పాత బ్యాటరీలు, పురుగుమందు డబ్బాలు ఏం చేయాలో ఊరివాళ్ళ చేతే ప్లాన్ వేయిస్తుందట.

"ప్లాన్ మీది. లారీలూ ఖర్చూ మావి," అంటోంది.

ఊరికే ఎవరిస్తారమ్మా, అనుకుంటూ అక్క ట్రేతో లోపలికెళ్ళింది. గోడమీద ఊరి పటం, దానినిండా ఎర్ర తలల గుండుసూదులు. ఒకటి సరిగ్గా వాళ్ళ వీధిలో, మూతబడ్డ రంగుల ఫ్యాక్టరీ మీద ఉంది. ఆ ఫ్యాక్టరీ గోడకు ఇవతలే వాళ్ళ వంటిల్లు. ఊరి విషమంతా తెచ్చి మా నెత్తిన పోస్తారన్నమాట!

"మీరు అటువైపే ఉంటారట కదా అక్కా? ఫ్యాక్టరీలో ఇంకా డ్రమ్ములున్నాయా?" అని ఆ అమ్మాయి అడిగింది.

ఉన్నాయంటే మిగతావీ అక్కడికే చేరుస్తారు.

"ఒక్కటీ లేదమ్మా. ఎప్పుడో ఎత్తుకుపోయారు."

అందరూ భోజనాలకు లేవగానే, పటం దుమ్ము దులుపుతున్నట్టు నిలబడి ఆ సూది పీకేసింది. మునిసిపల్ ఇంజనీరు తీశాడనుకుంది ఆ అమ్మాయి. ఆ అమ్మాయే తీసిందనుకున్నాడు ఇంజనీరు. సాయంత్రం పటాన్ని ఫోటో తీసి రాజధానికి పంపేశారు.

ఇంటికెళ్ళేసరికి భర్త గోడకానుకుని దగ్గుతున్నాడు.

"ఏంటే, అంత హుషారుగా ఉన్నావ్?"

"మన వీధిని కాపాడొచ్చాను."

"సరేలే. ముందు ఆ కిటికీ తెర లాగు. ఫ్యాక్టరీ ఘాటు చంపేస్తోంది."

ఆమె చిరిగిన తెర రెండు అంచులూ దగ్గరికి లాగి ఎర్ర సూదితో గుచ్చింది. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు.

చలికాలంలో ఒక పొద్దున దగ్గు వినపడలేదు. పోనీలే, ఇవాళైనా పడుకున్నాడు అనుకుని, టీ కాచి తీసుకెళ్ళి లేపబోయింది. ఒళ్ళు చల్లగా ఉంది.

ఎండలు ముదిరాక లారీలొచ్చాయి. పక్క వీధిలో ముసుగులేసుకున్న మనుషులు డ్రమ్ములెక్కిస్తున్నారు.

"ఇవన్నీ ఎక్కడ పోస్తారు బాబూ?" అంది అక్క, అనుమానంగా.

"ఊరికి దూరంగా, వీటిని శుద్ధి చేసే మా ప్లాంటుకి తీసుకెళ్తామమ్మా. పటంలో సూదులున్న చోట్లన్నీ ఖాళీ చేస్తున్నాం," అన్నాడు డ్రైవరు.

"మరి మా ఫ్యాక్టరీ?"

"అక్కడ సూది లేదుగా. ఆఫీసులో చెప్పుకోండి, వచ్చే విడతలో చూస్తారు."

"నా చేతులారా నేనే చేసుకున్నానే!" అందామె. డ్రైవరుకు అర్థం కాలేదు.

ఇల్లు చేరి, తాళం తీసి, వంటింట్లోకి నడిచింది. ఘాటు అలాగే ఉంది. గాలికి తెర ఉబ్బుతోంది; రెండు అంచులనూ కలిపి పట్టుకుని, ఆమె గుచ్చిన చోటే ఉంది ఎర్ర గుండుసూది.