ఒకచోట నిలవని కాఫీ మొక్క

పొద్దున్నే అంబలి తాగి, కొంగు నడుముకి దోపి, గంగ కాఫీ తోటలోకి నడిచేది. అనంతగిరి కొండ మీద ఆ తోట ఆమెదే. కాకపోతే రెండేళ్ళుగా అందులో మొక్కమొక్కకీ ఒక వాటాదారు ఉన్నారు. పూర్వం కాఫీ తోటల మీద డబ్బు పెట్టడం షావుకార్లకే చెల్లేది. ఇప్పుడు ఒక కంపెనీ ఫోన్లలో యాప్ పెట్టింది. కూలి చేసుకునేవాళ్ళు కూడా నెలనెలా కొద్దికొద్దిగా కట్టి, ఒక మొక్క దిగుబడిలో వాటా కొనుక్కోవచ్చు. ఆ డబ్బుతోనే గంగ తోటకి నీళ్ళ పైపులు వేయించుకుంది.

వాటా కొన్న మనిషి గుణం మొక్కకి వచ్చేది. పాస్టరు విశ్వాసం గారి మొక్క ఆదివారం పొద్దున ఆకులు ముడుచుకుని నిలబడేది. గాజువాకలో బట్టలు కుట్టే రత్న మొక్కకి కొమ్మలన్నీ టేపు పెట్టి కొలిచినట్టు ఉండేవి. విశాఖలో ఆటో నడిపే సురేంద్ర మొక్క మాత్రం ఒకచోట నిలిచేది కాదు.

"మళ్ళీ ఏటి సేత్తన్నావే ఇక్కడ? పద బేగి!" అని గంగ రోజూ దాన్ని వెతికి అదిలించేది. అది బుద్ధిగా తన చోటికి వచ్చేసేది.

పూత కాలంలో అది వెళ్ళి రత్న మొక్క పక్కన నిలబడింది. ఎంత అదిలించినా కదల్లేదు.

కంపెనీ నుంచి రాబిన్ ఫోన్ చేశాడు. "గంగమ్మ గారూ, సురేంద్ర గారి మొక్క లొకేషన్ తప్పు చూపిస్తోంది. కోతల్లోపు పాత చోటికి రాకపోతే ఆయన వాటా రద్దయిపోతుంది."

గంగకి మనసొప్పలేదు. సురేంద్ర తండ్రి కౌలు చేసీ చేసీ, తన పేర గజం నేల లేకుండానే పోయాడు. వాటా కొన్నరోజు సురేంద్ర ఫోన్లో, "నాకంటూ కొండ మీద ఒకటుందమ్మా" అన్నాడు. ఆ మాట గంగ మరచిపోలేదు. సురేంద్రకీ రత్నకీ కబురు పెట్టింది.

ఆదివారం విశాఖ నుంచి కొండల్లోకొచ్చే కిరండూల్ రైలెక్కి సురేంద్ర వచ్చాడు. మొక్కని బతిమాలాడు, కసిరాడు. లాభం లేకపోయింది. అదే రైలు దిగిన రత్న నడుం మీద చేతులేసుకుని, "మీ మొక్క నా మొక్కకి ఎండ తగలనీట్లేదండీ" అని తగువుకి దిగింది.

"నా మాట ఇంటే కదండీ! మీరే సెప్పి సూడండి."

రత్న చెప్పి చూసింది. అదింకాస్త దగ్గరికి జరిగింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇద్దరూ వచ్చారు. తగువు ఎప్పుడు ఆగిపోయిందో గంగ గమనించలేదు. ఒకరోజు సురేంద్ర చొక్కాకి ఊడిన గుండీ కుడుతూ రత్న కనిపించింది.

కాయలు ఎర్రబడ్డాయి. మొక్క కదలకపోయినా సురేంద్ర వాటా పోకుండా, రెండు మొక్కలూ కలిపి ఉమ్మడి వాటాగా రాయమని గంగ రాబిన్‌ని అడిగింది. "ఒకే కుటుంబం వాళ్ళకైతేనే కుదురుతుందండీ" అన్నాడతను.

ఆ మాట గంగ ఉన్నదున్నట్టు ఇద్దరికీ చెప్పింది. సురేంద్ర చెప్పులకేసి చూసుకున్నాడు. రత్న ఓ పండిన కాయ తుంపి, చేతిలో అటూ ఇటూ దొర్లించింది.

"మా అమ్మని అడగాలి" అంది చివరికి.

"ఎప్పుడు రమ్మంతారు?" అన్నాడు సురేంద్ర.

గంగ నవ్వు దాచుకోడానికి పక్కకి తిరిగి, రాబిన్‌కి ఫోన్ కలిపింది.

"ఆ రద్దు మాట కాసేపు ఆపు బాబూ. ఈళ్ళకి ముహూర్తం దొరకాల."