పోశం గోలీలు

నాకూ పోశానికీ ఒకే నెలలో మూత్రాశయం తీసేశారు. ఇద్దరికీ క్యాన్సరే. పేగు ముక్కతో దారి చేసి, మూత్రం పొట్ట మీద అంటించిన సంచిలోకి వచ్చేలా కుట్టారు. ఇరవై రెండేళ్లు ఒకే బాయిలో బొగ్గు తవ్వాం, ఒకే డబ్బాలో సగం సగం తిన్నాం. అయినా సూపర్‌వైజర్లకు ఎప్పుడూ వాడే ముద్దు.

సకల జనుల సమ్మె జరిగిన ఏడాది గోదావరిఖనిలో ఇద్దరం మూత్రపరీక్ష చేయించుకున్నాం. ఇద్దరికీ బ్యాక్టీరియా ఉందనే వచ్చింది. డాక్టరమ్మ పోశానికి పది రోజుల గోలీలు రాసింది. నన్ను మాత్రం నీళ్లు బాగా తాగమంది, అంతే!

"ఈ ఆపరేషన్ అయినోళ్ల మూత్రంల బ్యాక్టీరియా ఉండనే ఉంటది. మీకు జ్వరం లేదు, నొప్పి లేదు, మందులెందుకు? ఆయనకు చలిజ్వరం ఉంది" అని నచ్చజెప్పింది.

నా చెవికెక్కితే కదా! పోశం అల్లుడు యూనియన్ లీడరు, అందుకే వాడికి మందులని కడుపు మండిపోయింది. మర్నాడు వాడి క్వార్టరుకు పోయి మూతి ముడుచుకుని కూర్చున్నాను.

"గట్లున్నవేందన్నా?" అన్నాడు పోశం, దుప్పటి కప్పుకునే.

"నేనేమైతే ఎవలకు ఫికర్? గోలీలు నీకే ఇచ్చిరి."

వాడు రెండు గోలీల షీట్లలో ఒకటి నా చేతిలో పెట్టాడు. "ఇద్దరిదీ ఒకటే రోగమాయె. సగం నువ్వు మింగన్నా."

సిగ్గు లేకుండా తీసుకున్నాను. ఐదు రోజులు మింగాను. వాడి మీద గెలిచినంత సంబరపడ్డాను.

పన్నెండో రోజు పోశాన్ని ఆటోలో దవాఖానకు తెచ్చారు. ఒళ్లంతా వణుకు, కళ్లు తెరవలేకపోతున్నాడు. జబ్బు కిడ్నీలకు పాకిందని డాక్టరమ్మ కంగారుపడింది.

"గోలీలన్నీ వేసుకున్నరా?" అని అడిగింది.

"అన్నీ మింగిన మేడం" అన్నాడు పోశం.

నన్ను కాపాడుతున్నాడు! నిజం చెప్పాలంటే, వాడి మంచితనం చూసి అప్పుడు కూడా కుళ్లుకున్నాను. అయితే ఆ మందు పనిచేయడం లేదంటూ డాక్టరమ్మ కాగితం మీద ఇంకా గట్టి మందు రాయబోయింది. ఇక ఆగలేకపోయాను.

"వాడు సగమే మింగిండు మేడం. కడమ సగం నేను మింగిన."

"మీరా? మీకేమైందని?"

"నాకేం కాలె మేడం. వానికి రాసిన్రని మింగిన."