పెంటయ్య మంచం పక్కన

కరువు ఏడాది ఖాజాగూడ గుట్టల్లో రాళ్లు పేలుస్తుండగా బండ దొర్లి పెంటయ్య నడుము విరిగింది. చేసేదేమీ లేదని దవాఖానవాళ్లు ఇంటికి పంపేశారు. నడుము కింద స్పర్శ లేదు. భార్య బుచ్చమ్మ పొద్దంతా కంకర కొట్టి, వచ్చి అతన్ని కడిగేది. ఇద్దరూ ఆమధ్యే బాప్తిస్మం తీసుకున్నారు. పాత దేవుళ్లను విడిచినందుకే ఈ గతి పట్టిందని బంధువులు గడప తొక్కడం మానేశారు.

చందానగర్ పాస్టరు సత్యానందం గుంటూరు వైపు మనిషి. ఆదివారం ఆరాధన కాగానే సైకిలు మీద వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి ప్రార్థించేవాడు.

"దేవుడు తన బిడ్డల్ని శ్రమలతో శుద్ధి చేస్తాడు పెంటయ్యా. ఓర్చుకో."

ఒకనాడు పెంటయ్య అడిగాడు. "ఇంకెంత శుద్ధి జేస్తడు అయ్యగారూ? నేనేం పాపం జేసిన?"

సత్యానందం ప్రార్థనకు కళ్లు మూసుకున్నాడు.

"ప్రార్థన ఎనక జేద్దురు," అంది బుచ్చమ్మ. "జర ఆ భుజం పట్టుండ్రి. నా ఒక్కదానితోని అయితలేదు."

అతను లోపలికి వెళ్లి పట్టుకున్నాడు. పెంటయ్యను పక్కకు తిప్పితే వీపు కింది పుండులో ఎముక కనిపించింది. సత్యానందం బయటికి పరుగెత్తి వాంతి చేసుకున్నాడు. నోరు కడుక్కుని వచ్చి మళ్లీ భుజం పట్టుకున్నాడు.

ఆనాటి నుంచి రోజూ వచ్చేవాడు. పుండ్లు కడిగేవాడు. బైబిలు వాక్యం చెప్పడం మానేశాడు.

"దేవుడు నన్ను ఇడిసిండా?" అన్నాడు పెంటయ్య, జ్వరంలో.

"నాకు తెలియదు పెంటయ్యా. నేను మాత్రం వస్తాను."

అది సంఘపెద్ద రామబ్రహ్మానికి నచ్చలేదు. "ఒక్కడి కోసం మందనంతా వదిలేస్తారా అండీ? ఆ పుండ్లు కడిగిన చేతులతోనేగా ఆరాధనలో మాకు ప్రభువు రొట్టె విరిచి ఇస్తారు!" అని ఒకరోజు సమావేశం పెట్టి, సాయంత్రం దాకా కదలనివ్వలేదు.

సత్యానందం వెళ్లేసరికి పెంటయ్య కళ్లు మూసి ఉన్నాయి. ఒళ్లు చల్లబడింది.

"మీరొచ్చిండ్రా అని అడుగుకుంటనే పోయిండు," అంది బుచ్చమ్మ. ఆమె ఏడవలేదు.

ఊరి శ్మశానంలో చోటివ్వలేదు. ఎడ్లబండి మీద చందానగర్ తీసుకెళ్లి పూడ్చారు. సత్యానందం బైబిలు తెరిచి, చదవకుండానే మూసేశాడు. పార అందుకుని తానే మన్ను పోశాడు.

బుచ్చమ్మ మళ్లీ చర్చికి రాలేదు. అతను రమ్మనలేదు. వీలైనప్పుడల్లా ఆమె కంకర కొట్టేచోటికి వెళ్లి, గంప ఎత్తి ఆమె నెత్తిన పెట్టి, కాసేపు కూర్చుని వచ్చేవాడు.