తోకల్లేని కదుళ్లు

ఇంక్యుబేటర్ చల్లబడిపోయిన రోజున ప్రయోగశాలలో ఎవరూ గొంతు పెంచలేదు. సెలవులకు తాళం వేసి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి హీటరు కాలిపోయి ఉంది. ఎప్పుడూ చెయ్యి ఆనిస్తే చురుక్కుమనే తలుపు గోడలాగా చల్లగా తగిలింది. లోపల సీసాల్లో కణాలన్నీ అడుగుకు దిగి, బూడిదరంగు మడ్డిలా పేరుకున్నాయి.

చెల్లెలు ఒక్కొక్క సీసా వెలుగుకు పట్టి చూసి, మళ్లీ యథాస్థానంలో పెట్టింది. అవి అన్నయ్య తెచ్చిన కణాలు. కొండ మీది ఊటలో, ఎసరులా మరిగే నీళ్లలో, బట్ట మీద పడితే చిల్లు పెట్టే ఆమ్లంలో సుఖంగా కాపురం చేసుకునే జీవులు. చూడ్డానికి బ్యాక్టీరియాలాగే ఉంటాయి గాని వాటికీ వీటికీ చుట్టరికం చాలా దూరం. ఆర్కియా అంటారు. అన్నయ్య వెతికింది ఆ కణాల కోసం కూడా కాదు, వాటిని పట్టి పీడించే వైరస్ కోసం. "అంత మంటలో ఉన్నవాడికీ జలుబు అంటించే మహానుభావుడు ఒకడు ఉంటాడే!" అని నవ్వేవాడు.

నిరుడు అన్నయ్య పోయాడు. ఆ వానల్లోనే కొండచరియ జారి ఊట పూడిపోయింది. ఇప్పుడు కణాలూ పోయాయి. మిగిలింది ఫ్రిజ్‌లో చిన్న ట్యూబు. అందులో కణాలు లేవు, వడగట్టిన వైరస్ మాత్రమే.

అదైనా ఉందో లేదో చూడాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వదిన చేతిలోది. ఆవిడ ఒక బొట్టు తీసి, గోరంత కూడా లేని రాగి జల్లెడ మీద ఆరబెట్టి లోపలికి పంపింది. తెర మీద వైరస్‌లు నూలు వడికే కదుళ్లలా కనిపించాయి. నడుము లావుగా, రెండు కొనలూ సన్నగా. అన్నయ్య తీసిన ఫొటోల్లో ఒక్కో కదురుకు రెండు వైపులా నూలు లాగినట్టు పొడుగాటి తోకలుండేవి. ఇక్కడ ఒక్కదానికీ తోక లేదు.

ప్రయోగశాల నడిపే పెద్దసారు వచ్చి చూసి కళ్లజోడు తీశారు. "తోకల్లేని కదుళ్లు మనకు కొత్తేమీ కాదమ్మా. మీ అన్నయ్య చూసింది ఇది కాదు. ట్యూబు ఎక్కడో మారిపోయింది. నెలాఖరుకు ఫ్రిజ్‌లో ఆయన అర ఖాళీ చేయండి." మెత్తగానే అన్నారు. మెత్తగా అన్నందుకే ఎదురు చెప్పడం కష్టమైంది.

ఆయన వెళ్లాక వదిన కుర్చీ తిప్పింది. "మీ అన్నయ్య ట్యూబులు మార్చే మనిషా? ఇంట్లో ఉప్పు డబ్బాలో పంచదార పోసిన మాట నిజమే. ఇక్కడ మాత్రం కాదు."

"అది నువ్వు పోసి తన మీదికి నెట్టావని చెప్పాడు."

"చెప్తాడు! పెళ్లాం పక్కన లేకపోతే మొగుళ్లందరూ హరిశ్చంద్రులే."

ఇద్దరూ నవ్వారు. చెల్లెలు పాత ఫొటోను తెర పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"వదినా, ఈ ఫొటో తీసినప్పుడు జల్లెడ మీద వేసిన నీళ్లు ఎక్కడివి?"

"ఇంక్యుబేటర్‌లో కాగుతున్న సీసాలోవి."

"మరి ఈ ట్యూబు?"

"కణాలు పగిలి వైరస్ బయటికి రాగానే వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టాడు. పాడవకూడదని."

"పాలు పాడవకూడదని ఫ్రిజ్‌లో పెడతాం. దీని పుట్టిల్లే నిప్పు. తోకలు రాకముందే చలిలో పెట్టేశామేమో. వేడి చేస్తే పెరుగుతాయేమో."

"కణం బయట పడ్డాకా? వైరస్ బయట రాయిలా పడుంటుందని మనమే కదా అమ్మడూ పిల్లలకు పాఠం చెప్పేది?"

"చెప్తాం. ఆ పాఠం ఇది విందా?"

వదిన ట్యూబును అరచేతిలోకి తీసుకుంది. "ఆయన తెచ్చినదాంట్లో ఇదే ఆఖరు. ఉడికిపోతే?"

"సగమే పెడదాం. పెట్టకపోతే పెద్దసారు మాటే నిలుస్తుంది వదినా. ఇంతా చేసి అన్నయ్య చూసింది లేనట్టే అవుతుంది."

మర్నాడు పొద్దున వదినే సగం వేరే ట్యూబులోకి ఒంపింది. కణాలేవీ కలపకుండా, ఉత్త ఆమ్లపు నీటిలోనే, మూత బిగించి, ఊటంత వేడెక్కించిన లోహపు దిమ్మలో పెట్టింది. ఆ వారమంతా ఇద్దరూ వేరే పనులేవో చేశారు. దారిన పోతూ పోతూ ఆ వేడి దిమ్మ మీది అంకె చూడకుండా మాత్రం ఎవరూ పోలేదు.

వారం తిరిగాక బొట్టు తీసి చూస్తే, మొదటి జల్లెడ మీద మరకలే ఉన్నాయి. రెండో దాని మీద ఒక మూల కదురు కనిపించింది. వదిన దాన్ని పెద్దది చేసింది. ఒక కొన నుంచి సన్నటి పోగు. రెండో కొన నుంచి మరొకటి. పక్కకు జరిపితే ఇంకొకటి, దాని పక్కన గుంపు. కణం తోడు లేకుండా, ఉత్త వేడికే, వాటంతట అవే తోకలు చాచుకున్నాయి.

"చూశావా," అంది వదిన. కళ్లు తుడుచుకుంది. చెల్లెలు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

పెద్దసారు తెర ముందు కూర్చుని ఒక్కో కదురునూ పెద్దది చేసి చూశారు. లేచేటప్పుడు, "నాకు తెలియని పాఠం," అన్నారు. "ఆ అర జోలికి ఎవరూ రారు. కొండకు అవతలి వైపు కూడా ఊటలున్నాయంటారు. వానలు తగ్గాక ఎవరెవరు వెళ్తారో చెప్పండి."

"ఇద్దరం," అంది వదిన, చెల్లెల్ని అడక్కుండానే.

తోకలు చాచుకున్నా వైరస్ తనంతట తాను వృద్ధి చెందదు. దానికి చోటిచ్చే కణం కావాలి. అలాంటి కణం మళ్లీ దొరకాల్సి ఉంది.